కాగితాన్ని పట్టాలి, పాళీని వదలాలి

చొప్పదండిలాంటి మండల కేంద్రంలో స్టేషనరీ దుకాణానికి పోయి "అన్నా, ఇంకు బుడ్డి ఉన్నదా?" అని అడిగితే ముందుగా బాల్‌పెన్నుల డబ్బా మన ముందుకు వస్తుంది. పట్టుబట్టి అడిగితే వెనక అరలోంచి ఓ సీసా దిగుతుంది. దాని మీద రంగు పేరు పెద్దగా, ఇంకో మాట చిన్నగా అచ్చయి ఉంటాయి. ఆ చిన్న మాట 'వాషబుల్' కావచ్చు, 'పర్మనెంట్' కావచ్చు. పెన్ను కొనేటప్పుడు పాళీని గోటి మీద గీసి చూసుకునే మనిషి కూడా ఈ మాట చదవడు. నెలలు గడిచాక పెన్ను రాయడం మానేసినప్పుడు గానీ ఆ మాటకు అర్థం తెలిసిరాదు.

ఇంకు నుంచి మనం కోరేవి రెండు, అవి ఒకదానికొకటి పడనివి. కాగితం మీద పడ్డాక వానకు, ఎండకు, చెమట చేతికి చెరగకూడదు. అదే ఇంకు పెన్ను లోపల మాత్రం ఎప్పుడు కడిగితే అప్పుడు ఆనవాలు లేకుండా పోవాలి. ఇంకు తయారుచేసేవాళ్లు ఈ చిక్కును రకరకాలుగా విప్పారు. అందుకే 'పర్మనెంట్' అన్న ఒక్క మాట వెనక ఒకదానితో ఒకటి సంబంధం లేని రసాయనాలు దాగి ఉన్నాయి. ఒకదాన్ని కడిగే మందు ఇంకోదాన్ని లోపలే గడ్డకట్టిస్తుంది. పెన్ను శుభ్రం చేయడానికి చిట్కాలు అడిగేవాళ్లంతా మొదట అడగాల్సిన ప్రశ్న ఒకటే. అందులో ఉన్నది ఏ ఇంకు?

చెరగని రాతకు ఇంత పట్టింపు ఎందుకో తెలంగాణ పల్లెల్లో విడమరచి చెప్పక్కర్లేదు. భూమి తగాదా ఏది వచ్చినా 1954-55 ఖాస్రా పహాణీ నకలు తీయండి అంటారు. ఎప్పుడో ఒక గిర్దావరు, ఒక పట్వారీ చేత్తో రాసిన పేరు, సర్వే నంబరు, గుంటల లెక్క మీద ఇవ్వాళ్టి కుటుంబాల బతుకు ఆధారపడి ఉంటుంది. ఆ వరుసలో ఒక అంకె అలుక్కుపోతే ఏమవుతుందో తహసీల్ ఆఫీసు మెట్ల మీద కూర్చున్న ఎవరినడిగినా చెబుతారు. ఇంగ్లండ్‌లో జనన, వివాహ రిజిస్టర్ల కోసం ప్రత్యేకంగా 'రిజిస్ట్రార్ల ఇంకు' అనేదాన్నే చాలాకాలం వాడించారు. మన బడుల్లో హాజరు పట్టీకి, కార్యాలయాల్లో దస్త్రాలకు బ్లూ-బ్లాక్ ఇంకు మీద ఉన్న మమకారానికి మూలం కూడా అలాంటి ఆలోచనే.

ఇంకు సంగతి తేలాలంటే ముందు పెన్ను లోపల ఏం జరుగుతుందో చూడాలి. పూర్వం పిల్లలు నోటుబుక్కు మీద ఇంకు చుక్క ఒలికితే సుద్దముక్క తెచ్చి దాని అంచుకు ఆనించేవాళ్లు. చుక్క మొత్తం సుద్దలోకి ఎక్కేసేది. సుద్దలోని సన్నని సందులు ద్రవాన్ని తమంతట తాము లాక్కుంటాయి. దీన్నే కేశనాళిక చర్య అంటారు. పెన్నును నడిపేది కూడా అదే బలం. పాళీ కింద నాలుకలా ఉండే నల్లటి ముక్కను ఫీడ్ అంటారు. దాని వీపు మీద గాళ్లు ఉంటాయి. ఇంకు ఆ గాళ్లలో కిందికి దిగుతుంటే, దిగిన మేరకు గాలి పైకి పోయి గొట్టంలోకి చేరాలి. గాలి ఎక్కకపోతే ఇంకు ఆగిపోతుంది, ఎక్కువ ఎక్కితే మరక పడుతుంది. ఈ రెండు రాకపోకలనూ కుదిర్చిన ఫీడ్‌కు లూయిస్ వాటర్‌మన్ అమెరికాలో 1884లో పేటెంట్ తీసుకున్నాడు. నేటికీ ఫౌంటెన్ పెన్నులన్నీ ఆ సూత్రం మీదే రాస్తున్నాయి. అంటే మొత్తం యంత్రం కొన్ని సన్నని సందుల మీద నిలబడింది. సందు మూసుకుంటే పెన్ను లేదు.

మామూలు ఇంకు నీటిలో కరిగిన రంగు, అంతే. ఉప్పు నీళ్లు ఆరితే ఉప్పు మిగిలినట్టు ఈ ఇంకు ఆరితే రంగు పొడి మిగులుతుంది. మళ్లీ నీళ్లు పోస్తే మళ్లీ కరుగుతుంది. రాయల్ బ్లూ ఇంకులు ఈ జాతివి. ఏడాది ఎండిపోయిన పెన్నును కూడా రాత్రంతా నీళ్లలో వేస్తే ప్రాణం లేచి వస్తుంది. ఆ మంచితనమే కాగితం మీద చెడ్డతనం. గ్లాసు అడుగున ఉన్న తడి తగిలినా పేజీ నీలి చెరువు అవుతుంది. ఎర్ర ఇంకుల్లో వాడుతూ వచ్చిన ఇయోసిన్ రంగు ఇంకా సుకుమారం, వెలుతురుకే వెలిసిపోతుంది. కిటికీ పక్కన వేలాడదీసిన కాగితం మీద మాస్టారు ఎర్రగా పెట్టిన సంతకం కొన్నాళ్లకు పాలిపోవడం అందుకే.

ఇక్కడి నుంచి చెరగని వాటి కథ. వాటిలో పెద్దది ఇనుము ఇంకు. దాని ముడిసరుకు మనకు కొత్తది కాదు. ఆదిలాబాద్ అడవుల్లో కరక్కాయ దొరుకుతుంది. నోట్లో వేసుకుంటే నాలుక దగ్గరపడే ఆ వగరు టానిన్ల వల్ల వస్తుంది. టానిన్లకు ఇనుము లవణం, అంటే పచారీ కొట్లలో అన్నభేది అని అమ్మే ఫెర్రస్ సల్ఫేట్ కలిపితే ఇంకు పుడుతుంది. యూరప్‌లో కరక్కాయ స్థానంలో ఓక్ చెట్ల మీద పురుగుల వల్ల ఏర్పడే బుడిపెలు వాడారు. రసాయనం మాత్రం ఒకటే. మన కలంకారీ పనివాళ్లు ఈ రసాయనాన్ని గుడ్డ మీద నడిపించారు. శ్రీకాళహస్తిలో నూలు బట్టను ముందు కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. తుప్పు పట్టిన ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో వారాల తరబడి నానబెట్టి ఆ ద్రవాన్ని కలంతో గీస్తారు. గుడ్డలోని కరక్కాయ తగలగానే ఆ గీత నల్లబడుతుంది. ఆ నలుపు బయటి నుంచి పూసింది కాదు, అక్కడికక్కడ పుట్టింది. అందుకే ఎన్ని ఉతుకులకైనా నిలుస్తుంది.

పెన్నులో వాడే ఇనుము ఇంకు ఇంకాస్త తెలివైనది. సీసాలో ఉన్నంతసేపు ఇనుము ఫెర్రస్ రూపంలో ఉంటుంది. ఆ రూపంలో అది టానిన్‌తో కలిసినా నీటిలో కరిగే ఉంటుంది, రంగు కూడా పెద్దగా ఉండదు. రాసేవాడికి అక్షరం కనపడాలి కాబట్టి కొంత నీలి రంగు కలుపుతారు. కాగితం మీద పడ్డాక గాలిలోని ఆక్సిజన్ దాన్ని ఫెర్రిక్ రూపానికి మారుస్తుంది. అప్పుడు నీటిలో కరగని నల్లటి పదార్థం తయారై కాగితపు పోగుల మధ్యే ఇరుక్కుంటుంది. నీలంగా రాసిన అక్షరం గంటలు గడిచేకొద్దీ నల్లబడటం ఇలాగే. బ్లూ-బ్లాక్ అన్న పేరు అక్కడే పుట్టింది. ఇంగ్లండ్‌లో హెన్రీ స్టీఫెన్స్ 1832 ప్రాంతంలో అమ్మడం మొదలుపెట్టిన రాత ద్రవం ఈ కుటుంబంలోదే. ఇప్పటికీ పెలికాన్, ప్లాటినమ్ కంపెనీల బ్లూ-బ్లాక్‌లలో ఇనుము ఉంది. బ్లూ-బ్లాక్ అని రాసి ఉన్న ప్రతి సీసాలోనూ ఇనుము ఉంటుందని మాత్రం అనుకోవద్దు. పార్కర్ క్వింక్ బ్లూ-బ్లాక్ ఇప్పుడు ఉత్త రంగు నీళ్లే.

సీసాలోనే ఇంకు నల్లబడకుండా ఉండేందుకు దానికి ఆమ్లం కలుపుతారు. ఆ ఆమ్లమే స్టీలు పాళీని నెమ్మదిగా తింటుంది. బంగారు పాళీకి ఏమీ కాదు. ఇంకును పెన్నులోనే ఎండనిస్తే కాగితం మీద జరగాల్సిన పని ఫీడ్ గాళ్లలో జరుగుతుంది. కరగని నల్లపొర కడుతుంది, దాని మీద నీళ్లకు అధికారం లేదు. పెన్ను కడిగే మందు అంటూ చాలామంది అమ్మోనియా నీళ్లు చెబుతారు. ఇనుము ఇంకుకు అంతకంటే చేటు ఇంకోటి లేదు. అమ్మోనియా క్షారం కాబట్టి ఇనుమును తుప్పులాంటి హైడ్రాక్సైడ్‌గా మార్చి గాళ్లలోనే కూర్చోబెడుతుంది. ఇక్కడ కావాల్సింది పులుపు. పంచె మీద తుప్పు మరకకు నిమ్మకాయ, ఉప్పు రుద్దే పాత ఇంటి వైద్యంలో ఉన్నది ఇదే శాస్త్రం. నిమ్మలోని సిట్రిక్ ఆమ్లం ఇనుమును చుట్టేసి నీటిలోకి లాగుతుంది. విటమిన్ సి ఇంకో అడుగు ముందుకు వేసి ఫెర్రిక్‌ను మళ్లీ ఫెర్రస్ చేస్తుంది, అంటే ఇంకును వెనక్కి నడిపిస్తుంది. అయితే నిమ్మరసమే తీసుకెళ్లి పెన్నులో పిండకూడదు, దాని పీచు కొత్త అడ్డంకి అవుతుంది. అరగ్లాసు నీళ్లలో చిటికెడు నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ ఆమ్లం పొడి కరిగించి ఫీడ్‌ను అరగంట ఉంచితే చాలు. విటమిన్ సి వాడేవాళ్లు నమిలే మాత్రలు తీసుకోవద్దు, వాటిలో చక్కెర, రంగు కలిసి ఉంటాయి. తెల్ల వెనిగర్ ఉంటే తొమ్మిది పాళ్ల నీళ్లకు ఒక పాలు. స్టీలు పాళీని మాత్రం ఆ పులుపులో మరిచిపోవద్దు.

రెండో జాతి మసిది. తాటాకు మీద గంటంతో గీసి, ఆ గీతల్లో మసి రుద్దిన మన పూర్వులకు కార్బన్ ఎంత మొండిదో బాగా తెలుసు. కార్బన్‌ను ఎండ వెలిసేలా చేయలేదు, నీళ్లు కరిగించలేవు, ఆమ్లమూ క్షారమూ ఏమీ చేయలేవు. నేటి పిగ్మెంట్ ఇంకుల్లో ఉన్నది ఈ మసే, కాకపోతే చాలా మెత్తగా నూరినది. జపాన్ కంపెనీలు ప్లాటినమ్, సైలర్ అమ్మే కార్బన్ ఇంకుల్లో ఒక్కో రేణువు వెంట్రుక మందాన్ని కొన్ని వందల భాగాలు చేస్తే అందులో ఒక భాగమంత ఉంటుంది. అంత సన్నం కాబట్టే గాళ్లలోంచి హాయిగా జారిపోతుంది. రేణువులు ఒకదానికొకటి అంటుకోకుండా దూరంగా ఉంచే పదార్థాలు కూడా అందులో కలిపి ఉంటాయి. నీరున్నంతసేపే ఆ కట్టుబాటు. నీరు ఆరిపోతే రేణువులు ముద్ద కడతాయి. అప్పుడు దాన్ని కరిగించే మందు లేదు, ఎందుకంటే అది కరిగే వస్తువే కాదు. బ్రష్షుతో, నీటి తోపుతో, ఒక చుక్క గిన్నెల సబ్బు సాయంతో బయటికి నెట్టాల్సిందే.

డ్రాయింగ్ క్లాసులో వాడే 'ఇండియన్ ఇంక్' ఈ మసి ఇంకులకు దగ్గరి చుట్టమే కానీ పెన్నుకు శత్రువు. అందులో లక్కలాంటి జిగురు ఉంటుంది. ఆరితే వార్నిష్ అవుతుంది. ఇంజినీరింగ్ చదివినవాళ్లకు రోట్రింగ్ డ్రాయింగ్ పెన్నులు ఎలా బిగుసుకుపోయేవో గుర్తుండే ఉంటుంది. అది పొరపాటున మామూలు ఫౌంటెన్ పెన్నులో పడితే ఆరకముందే, ఆ క్షణమే కడగాలి.

మూడో జాతి తెలివి నేతగాళ్లకు త్వరగా అర్థమవుతుంది. నూలు, కాగితం రెండూ సెల్యులోజే. 1956లో బ్రిటన్‌కు చెందిన ఐసీఐ కంపెనీ ప్రోసియన్ పేరుతో తెచ్చిన రియాక్టివ్ రంగులు నూలు పోగుతో రసాయన బంధం కట్టుకుంటాయి. పోగు మీద రంగు పట్టడం కాదిక, పోగులో భాగమైపోతుంది. అమెరికా నుంచి వచ్చే నూడ్లర్స్ ఇంకుల్లో కొన్ని ఇలా సెల్యులోజ్‌ను పట్టుకునేవే. పెన్ను లోపల సెల్యులోజ్ ఉండదు, ప్లాస్టిక్కో రబ్బరో ఉంటుంది. కాబట్టి అక్కడ పట్టుకోవడానికి దానికేమీ దొరకదు. మొదట్లో చెప్పిన చిక్కుకు ఇంత అందమైన జవాబు ఇంకోటి లేదని నాకనిపిస్తుంది. ఎండనివ్వకపోతే మంచినీళ్లకే పోతుంది.

చెరగని ఇంకు అనగానే ఓటు వేసిన వేలి మీది గుర్తు తలపుకొస్తుంది. 1962 ఎన్నికల నుంచి మైసూరు పెయింట్స్ కంపెనీ తయారుచేస్తున్న ఆ ఇంకులో సిల్వర్ నైట్రేట్ ఉంటుంది. కరీంనగర్‌లో తీగలల్లి ఫిలిగ్రీ బొమ్మలు చేసే వెండికి అది లవణ రూపం. చర్మానికి తగిలి, వెలుతురు సోకి నల్లబడుతుంది. దానికి కాగితంతో పనిలేదు, మన పెన్నుతో అంతకన్నా పనిలేదు.

ఇంతకీ సీసాలో ఉన్నది ఏ జాతో తెలియకపోతే ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ఒక కాగితం మీద నాలుగు గీతలు గీసి ఒకరోజు ఆరనిచ్చి, కుళాయి కింద పెట్టండి. గీత మొత్తం కారిపోతే అది ఉత్త రంగు. నీలం కారిపోయి వెనక బూడిద నలుపు మిగిలితే ఇనుము. ఏ మార్పూ లేకుండా నిలబడితే మసి లేదా సెల్యులోజ్‌ను పట్టే రకం. మిగిలిన వైద్యమంతా ఈ పరీక్ష మీదే నడుస్తుంది.

మరి ఇలాంటి మొండి ఇంకులకు ఏ పెన్ను తగినది? ఖరీదైన విదేశీ పెన్ను అని చాలామంది అనుకుంటారు. నా ఓటు రాజమండ్రికి. కోసూరి వెంకటరత్నం అక్కడ 1932లో పెన్నుల తయారీ మొదలుపెట్టాడు. పూర్తి స్వదేశీ పెన్ను చేసి గాంధీజీకి పంపితే, అది ఆయన సహచరుడు జె.సి.కుమారప్ప ద్వారా అంది, విదేశీ పెన్నులకు మంచి ప్రత్యామ్నాయమని మెచ్చుకుంటూ 1935లో ఆయన ఉత్తరం రాశాడు. ఈ కథ మన పత్రికల్లో చాలాసార్లు వచ్చింది. ఆ పెన్ను కట్టుబడి గురించి మాత్రం ఎవరూ పెద్దగా రాయరు. రత్నం పెన్నులు, ఆ ఊళ్లోనే తయారయ్యే గైడర్ పెన్నులు, హైదరాబాద్ అబిడ్స్‌లోని పాత డెక్కన్ పెన్ స్టోర్స్ అమ్ముతూ వచ్చిన ఎబొనైట్ (గట్టి రబ్బరు) పెన్నులు, అన్నింటిదీ ఒకటే పద్ధతి. పెన్ను ఒళ్లే ఇంకు తొట్టి. డ్రాపర్‌తో నింపుతాం. లోపల పంపు లేదు, రబ్బరు తిత్తి లేదు. మర తిప్పితే ముందుభాగం ఊడుతుంది. పాళీ, ఫీడ్ బిగింపు మీద నిలబడి ఉంటాయి కాబట్టి పట్టి లాగితే బయటికొస్తాయి. మూడు నాలుగు ముక్కలు బల్ల మీద పెట్టి, ఒక్కోదాన్ని మెత్తటి టూత్‌బ్రష్‌తో తోమవచ్చు. ఫీడ్ కూడా ఎబొనైట్‌దే అయితే ఇంకులోని ఆమ్లం దానికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. లోపల పంపు ఉండే పిస్టన్ పెన్నులో మసి ఇంకు ఎండితే, విప్పే పనిముట్టు లేక మనిషి తలపట్టుకోవాలి.

ఈ పెన్నుల్లో లోటు లేదని కాదు. వాటిలో ఎక్కువ స్టీలు పాళీలే కాబట్టి ఇనుము ఇంకును నెలల తరబడి ఉంచకూడదు. తొట్టిలో ఇంకు సగానికి తగ్గితే మిగతాదంతా గాలే. చేతి వెచ్చదనానికి ఆ గాలి వ్యాకోచించి పాళీ దగ్గర బొట్టు దిగుతుంది. మే నెలలో కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో ఎండ 45 డిగ్రీలు దాటే రోజుల్లో ఈ బొట్టు ఇంకా త్వరగా దిగుతుంది. సగం అయ్యేసరికి మళ్లీ నింపుకోవడమే మందు.

ఎండతో ఇంకో బాధ కూడా ఉంది. మూత సరిగా బిగించని పెన్నులో నీరు ఆవిరై ఇంకు చిక్కబడుతుంది. వానాకాలంలో నెలకోసారి కడిగితే సరిపోయే పెన్నును వేసవిలో రెండు వారాలకోసారి కడగాలి, మసి ఇంకైతే వారానికే. రోజూ రాసే పెన్నుకు ఈ బెడద తక్కువ. అలమరలో పడుకునే పెన్నులో చెరగని ఇంకు పోయడమంత తెలివితక్కువ పని లేదు.

కడిగే నీళ్ల సంగతి ఎవరూ పట్టించుకోరు. గ్రానైటు నేల మీది మన బోరు నీళ్లు చాలాచోట్ల కాఠిన్యం ఎక్కువ. బకెట్ అంచున తెల్లగా చారలు కట్టే ఆ కాల్షియం, మెగ్నీషియం ఫీడ్ గాళ్లలో కూడా చేరతాయి. సబ్బు వేస్తే తెల్లటి తెట్టు కట్టి ఇంకాస్త ఇబ్బంది. మొదటి కడుగుడు బోరు నీళ్లతో కానిచ్చినా, చివరిది ఆర్‌ఓ నీళ్లతో గానీ ఇన్వర్టర్ బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్‌తో గానీ చేయాలి. నీళ్లు చల్లగానే ఉండాలి. ఎబొనైట్ అంటే రబ్బరుకు బాగా గంధకం పట్టించి గట్టిపరిచిన పదార్థం. వేడి నీళ్లు తగిలినా ఎండలో ఆరబెట్టినా నల్లని ఒళ్లు గోధుమ రంగుకు తిరిగి గంధకం వాసన కొడుతుంది.

మామూలు రంగు ఇంకు మొండికేస్తే పది పాళ్ల నీళ్లకు ఒక పాలు ఇంటి అమ్మోనియా కలిపి పావుగంట నానబెట్టవచ్చు. ఇత్తడి భాగాలున్న పెన్నుకు అది పనికిరాదు. స్పిరిట్, గోళ్లరంగు తుడిచే ద్రావణం దగ్గరికే రానివ్వద్దు, అవి ప్లాస్టిక్‌ను పగులగొడతాయి, కరిగిస్తాయి. బ్లీచింగ్ ద్రావణం వెనిగర్‌తో కలిసినా అమ్మోనియాతో కలిసినా విషవాయువు వస్తుంది, కాబట్టి ఈ పనిలో దాని పేరే ఎత్తవద్దు. పాళీ చీలికలో గడ్డం బ్లేడు ముక్క పెట్టి గీకే అలవాటు మన బడుల్లో తరాలుగా ఉంది. బ్లేడు చీలికను వెడల్పు చేస్తుంది, తర్వాత ఆ పెన్ను పొదుపుగా రాయదు. పల్చని ప్లాస్టిక్ ఫిల్మ్ కత్తిరించి చీలికలో మెల్లగా లాగితే అదే పని నష్టం లేకుండా అవుతుంది. పాళీ, ఫీడ్ లాగడానికి పటకారు వాడకుండా రబ్బరు గుడ్డతో పట్టి, మెలి తిప్పకుండా సూటిగా లాగాలి.

అంతా అయ్యాక ముక్కలను బిగించి, పాళీ కింది వైపుకు వచ్చేలా, టిష్యూ కాగితం మడత వేసిన గ్లాసులో నిలబెట్టండి. కాగితం సుద్దముక్కలాగే ఫీడ్‌లోని మిగిలిన నీటిని లాగేస్తుంది. పొద్దున కాగితం మీద తడి తప్ప రంగు కనపడకపోతే పని అయిపోయినట్టు. రంగు కనపడితే ఇంకో కడుగుడు. ఒక చెరగని ఇంకు తీసి ఇంకో చెరగని ఇంకు పోసేటప్పుడు ఈ పరీక్ష తప్పనిసరి. ఆమ్ల గుణం ఉన్న ఇనుము ఇంకుకు క్షార గుణం ఉన్న ఇంకు కలిస్తే గాళ్లలోనే విరిగి మడ్డి కడుతుంది, ఆ మడ్డికి నీళ్లతో విరుగుడు లేదు.

ఇన్ని జాగ్రత్తల మధ్య జేబు దగ్గర ఒక చుక్క పడనే పడుతుంది. ఇనుము ఇంకు అయితే సబ్బు పెట్టకముందే నిమ్మ ఉప్పు నీళ్లు పట్టించాలి. సబ్బు క్షారం ముందు తగిలితే మరక ముదురుతుంది. మసి ఇంకు అయితే తడి ఆరకముందే నీళ్లు ధారగా పోయాలి, రుద్దితే రేణువులు పోగుల లోపలికి ఇంకా దిగుతాయి. సెల్యులోజ్‌ను పట్టే రకం నూలు చొక్కా మీద పడితే చొక్కా సంగతి మరిచిపోవచ్చు. ఆ ఇంకు దృష్టిలో అది కూడా కాగితమే.